తెల్లవారితే శుక్రవారం

గౌసియా జనరేటర్ మీద పాఠాలు చెబుతోందంటే, కొండపల్లిలో వాళ్ళ వీధి వీధంతా కరెంటు పోయినప్పుడు డబడబలాడే డీజిల్ మిషనే అనుకుంది. థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పని చేసే వాళ్ళ నాన్న నబీ కూడా, ఎవరైనా అడిగితే, "మా లైనేలెండి, కరెంటు పని" అని గర్వంగా చెప్పేసేవాడు. గౌసియా రెండు మూడుసార్లు సరిదిద్దబోయి, ఆయన ముఖంలో వెలుగు చూసి ఊరుకుంది. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివినది తనొక్కతే. ఆ చదువును వాళ్ళు ఏ పేరుతో పిలుచుకుంటే ఏం?

నిజానికి అది ప్రోగ్రాములు రాసే ప్రోగ్రాము. షాపులకీ ఆఫీసులకీ కావలసిన బిల్లులూ, స్టాకూ, బుకింగులూ చేత్తో రాసుకుంటూ పోతే నెలలు పడుతుంది. దీంట్లో అలా కాదు. ఆ వ్యాపారంలో ఏమేం ఉంటాయో, దేనికి దేనితో సంబంధమో, ఏ నియమం ఎక్కడ వర్తిస్తుందో ఒక నమూనాగా గీసి మీట నొక్కితే చాలు. తెరలూ కోడూ అన్నీ అదే పుట్టిస్తుంది. ఆ నమూనా గీయడం ఎలాగో, అప్పటికే కోడ్ రాయడం వచ్చినవాళ్ళకు నేర్పే సెంటరు ఒకటి బెంజ్ సర్కిల్ పక్కన చెప్పుల షాపు పైన ఉంది. గౌసియా అందులో ల్యాబ్ అసిస్టెంట్. పాఠాలు చెప్పే ప్రద్యుమ్న గారు కోర్సు సగంలో విశాఖపట్నం వెళ్ళిపోతే, మిగతా సగం తనే చెప్పింది.

చెప్పడం మొదలుపెట్టిన రోజే ఒక వింత ప్రశ్న వేసింది.

"మీ ఇళ్ళల్లో జంతికల గొట్టం ఉందా?"

క్లాసు గొల్లుమంది.

"నవ్వకండి. జంతిక మరీ లావుగా వచ్చిందనుకోండి, ఏం చేస్తారు? నూనెలో పడ్డ జంతికను పట్టుకుని సాగదీస్తారా, గొట్టంలో బిళ్ళ మారుస్తారా?"

"బిళ్ళే మారుస్తాం మేడమ్," అంది ముందు వరుసలోంచి శాంభవి.

"అంతే. జనరేటర్ పుట్టించిన కోడ్ జంతిక. మనం గీసిన నమూనా బిళ్ళ. తప్పు కనిపిస్తే బిళ్ళ దగ్గరికి వెళ్ళండి. జంతికను సాగదీస్తే లాభం లేదు, మళ్ళీ నొక్కితే మళ్ళీ లావు జంతికే పడుతుంది."

"చెయ్యి తిరిగినోడు సాగదీస్తే జిలేబీ కూడా అయిద్ది మేడమ్," అన్నాడు బెన్నీ వెనక నుంచి.

బెన్నీ చెయ్యి నిజంగానే తిరిగిన చెయ్యి. మిగతావాళ్ళు ఆలోచించుకునేలోపు వాడి వేళ్ళు పని ముగించేసేవి. అందుకే వాడికి ఈ జనరేటర్ అంటే చిన్నచూపు. వంటొచ్చినవాడికి హోటల్ భోజనం పెట్టినట్టు ముఖం పెట్టేవాడు. ఆ రోజు నుంచి గౌసియాకు వాడు పెట్టిన పేరు 'జంతికల మేడమ్'. ఆ పేరు సెంటరంతా పాకి, చివరికి సెంటర్ హెడ్ రమాసుందరి గారి నోటిదాకా వచ్చింది.

కోర్సు ముగిసే ముందు రమాసుందరి గారు గౌసియాను గదిలోకి పిలిచారు.

"చూడు గౌసియా, పటమటలో సప్లయర్స్ షాపు వెంకటేశ్వరరావు గారు శనివారం వస్తున్నారు. షామియానాలు, కుర్చీలు, వంట గుండిగలు అద్దెకిస్తారు. ఆయన ముందే మీ బ్యాచ్ మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాలలోపు ఆయనకు పనికొచ్చే అప్లికేషన్ చేసి చూపించాలి. చూపించారా, వచ్చే బ్యాచ్‌కి ట్రైనర్‌వి నువ్వే. లేదంటే హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్ళు మనిషిని పంపిస్తామంటున్నారు. నేను కాదనలేను."

"చూపిస్తాం మేడమ్," అంది గౌసియా.

ట్రైనర్ అవడమంటే తన గొంతుతో తన పాఠం తను చెప్పుకోవడం. ఈ సగం కోర్సులో ఆ రుచి తెలిసిపోయింది. ఎవరికైనా ఒక విషయం వెలిగినప్పుడు వాళ్ళ కళ్ళల్లో అది ముందు కనిపించేది తనకే. మళ్ళీ వైర్లు సరిచేస్తూ, వెనక నిలబడి ఇంకొకరి పాఠం వినాలంటే ఇక తన వల్ల కాదనిపించింది.

శనివారం వెంకటేశ్వరరావు గారు చెప్పిన వేళకంటే ముందే దిగారు. తెల్ల చొక్కా, జేబులో రెండు ఫోన్లు. శాంభవి పరుగున కుర్చీ లాగింది.

"కుర్చీలు అద్దెకిచ్చేవాణ్ణి, నాకు కుర్చీ మర్యాదలు ఎందుకమ్మా," అంటూనే కూర్చున్నారు. "ముందే చెబుతున్నా. మధ్యాహ్నానికి మీ మిషను నా యవ్వారం ఒప్పజెబితే ఇవాళ భోజనం నాది. మా వంటవాడు పులిహోర, గుత్తొంకాయ పట్టుకొస్తాడు. ఒప్పజెప్పలేదనుకో, ఆ పులిహోర అట్నుంచటే వెనక్కి పోద్ది."

"పులిహోర కోసమైనా చేస్తాం సార్," అన్నాడు బెన్నీ.

"ఏడిశావ్. ఒకే కుర్చీ మీద వారంలో ఎంతమంది వియ్యంకులు కూర్చుని అలుగుతారో తెలుసా నీకు? ఒకచోట ఎత్తి ఇంకోచోట దింపడం, అదే నా వ్యాపారమంతా. ఆ చక్రం ఒక్కచోట ఆగిందా, ఉయ్యూరులో పెళ్ళివారు నేలమీద కూర్చోవాలి."

గౌసియా ప్రశ్నలు వేస్తుంటే ఆయన చెబుతున్నారు. ఆయన చెబుతుంటే శాంభవి పెద్ద తెర మీద నమూనా గీస్తోంది. కస్టమరు ఒక డబ్బా. బుకింగు ఒక డబ్బా. సామాను ఇంకొకటి, వ్యాను మరొకటి. డబ్బాకూ డబ్బాకూ మధ్య గీతలు. పెళ్ళికి ముందు సాయంత్రం సామాను దిగాలి, పెళ్ళయ్యాక మధ్యాహ్నం ఎత్తాలి అన్న నియమం బుకింగు డబ్బాలోకి వెళ్ళింది.

"ఏదమ్మా, గీతలు తప్ప ఏం కనపడట్లేదే?" అన్నారాయన.

"ఇప్పుడు చూడండి సార్," అని గౌసియా మీట నొక్కింది.

ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం ఆమెకు కొత్తే. తెర మీద వరసలు వరసలుగా అక్షరాలు పరుగెత్తాయి. అవి ఆగేసరికి బుకింగు తెర, సామాను తెర, వ్యాను తెర, బిల్లు తెర, అన్నీ గడపలో చెప్పులు సర్దినట్టు వరసగా వచ్చి నిలబడ్డాయి. వెంకటేశ్వరరావు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇదంతా ఇప్పుడే రాసిందా? ఇక్కడే?"

"ఇక్కడే సార్. మీరు చెప్పిందే రాసింది."

"అయితే పట్టు, నిజం బుకింగే చెబుతా. గుడివాడ దగ్గర పెళ్ళి. గురువారం రాత్రి రెండూ నలభై ఏడుకి ముహూర్తం. నాలుగొందల కుర్చీలు."

శాంభవి క్యాలెండర్లో గురువారం నొక్కి, రెండూ నలభై ఏడు కొట్టింది. వ్యాను తెర తెరిచింది. సామాను దింపేది బుధవారం సాయంత్రం, ఎత్తేది గురువారం మధ్యాహ్నం అని వచ్చింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఇంకోసారి చదివారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"అమ్మా! పెళ్ళికూతురికి ఇంకా నలుగు కూడా పెట్టలేదు, మీ మిషను కుర్చీలు ఎత్తించుకొచ్చేస్తోందమ్మా! రాత్రికి పెళ్ళికొడుకు వచ్చి ఎక్కడ కూర్చుంటాడు, చెట్టెక్కి కూర్చుంటాడా?"

క్లాసంతా నవ్వింది. గౌసియా తెర వైపు వంగి చూసింది. తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. పెళ్ళి శుభలేఖలో గురువారం రాత్రి అంటే పొద్దు పొడిచేదాకా గురువారమే. పంచాంగం ప్రకారం సూర్యుడు వస్తేగాని వారం మారదు. అందుకే 'తెల్లవారితే శుక్రవారం' అని పక్కనే వేస్తారు. మిషనుకేమో రాత్రి పన్నెండు కొట్టగానే రోజు మారిపోయింది. అది గురువారం రెండూ నలభై ఏడంటే, దానికి ముందు రాత్రి అనుకుంది. పెళ్ళి ఒక రోజు ముందుకు జరిగిపోయింది.

"సార్, మీరు టీ తాగండి, ఒక్క నిమిషం," అని ఆమె ఆయనకు ఆ సంగతి వివరిస్తుండగా, వెనకాల బెన్నీ కీబోర్డు టకటకలాడింది. తిరిగి చూసేసరికి వ్యాను తెర మారిపోయి ఉంది. దింపేది గురువారం సాయంత్రం. ఎత్తేది శుక్రవారం మధ్యాహ్నం.

"ఆఁ! ఇదీ లెక్క!" అని ఆయన బల్ల మీద చరిచారు. "బలే చేశారే! మరి ఇంకోటి. తిరిగొచ్చేటప్పుడు గరిటెలు పోతాయి. ఏ పెళ్ళిలోనైనా గరిటెలు పోవాల్సిందే, పోకపోతే అది పెళ్ళి కాదు. ఎన్ని పోయాయో రాసుకునే గడి ఒకటి పెట్టండి."

"ఇదిగో సార్," అని శాంభవి నమూనాలో గడి చేర్చింది. గౌసియా ఉత్సాహంగా మీట నొక్కింది. అక్షరాలు పరుగెత్తాయి. గరిటెల గడి వచ్చింది. గుడివాడ పెళ్ళి కుర్చీలు మాత్రం మళ్ళీ గురువారం మధ్యాహ్నానికే తిరుగు ప్రయాణం కట్టాయి.

ఎవరూ నవ్వలేదు ఈసారి. గౌసియా మెల్లగా బెన్నీ వైపు తిరిగింది. వాడు తన బూట్లకేసి చూస్తున్నాడు.

"జంతిక సాగదీశావా?"

"సాగదీశా మేడమ్. తెల్లవారుజాము ఆరులోపైతే ఒక రోజు కలపమని పుట్టిన కోడ్‌లోనే రాసేశా. ఒక్క లైనేగా అని..."

మీట నొక్కగానే జనరేటర్ అంతా కొత్తగా పుట్టించింది. వాడి ఒక్క లైను మట్టుకు ఎక్కడా లేదు.

రమాసుందరి గారు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు. "గౌసియా, ఆ లైను మళ్ళీ పెట్టేసి చూపించెయ్యండి. ఇక మీట జోలికి వెళ్ళొద్దు. పులిహోర మెట్లెక్కుతోంది."

నిజమే. మెట్ల మీద స్టీలు క్యారేజీల చప్పుడు వినిపిస్తోంది, చింతపండు పోపు వాసన ముందే వచ్చేసింది. ఆ లైను పెట్టేస్తే అంతా సవ్యంగా కనిపిస్తుంది. ఆయన భోంచేసి, సంతోషపడి వెళ్ళిపోతారు. వచ్చే బ్యాచ్ తనది. కానీ ఆ బ్యాచ్ ముందు నిలబడి జంతికల గొట్టం గురించి ఏ ముఖంతో చెప్పడం?

"మేడమ్, బిళ్ళ మార్చాలి," అంది గౌసియా. "ఒక్కసారి నొక్కనివ్వండి."

రమాసుందరి గారు గడియారం చూసుకుని, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు.

గౌసియా వెంకటేశ్వరరావు గారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "సార్, ఈ రాత్రి గొడవ మీకెప్పుడూ రాలేదా? మనుషులతో?"

"రాకేం! పోయిన సీజన్లో భవానీపురంలో మీవాళ్ళది వలీమా విందు. తౌఫీక్ అని మంచి బేరం. 'జుమ్మేకీ రాత్‌కి సామాను కావాలండీ' అన్నాడు. జుమ్మా అంటే శుక్రవారమేగా? శుక్రవారం సాయంత్రం వ్యానేసుకుని వెళితే, అక్కడ పొయ్యి లేదు, మనుషులు లేరు. విందు ముందురోజు రాత్రే అయిపోయింది, ఎవరివో కుర్చీలు అడిగి తెచ్చుకున్నారు. ఆయన నామీద, నేను ఆయన మీద, ఇద్దరం అరుచుకున్నాం. ఇప్పటికీ నాకర్థం కాలా, తప్పెవరిదో."

గౌసియాకు నవ్వు ఆగలేదు. "ఎవరిదీ కాదు సార్! మా ఇళ్ళల్లో పొద్దు గూకితేనే రోజు మారిపోతుంది. గురువారం మగ్రిబ్ నమాజు అయ్యిందంటే ఇక శుక్రవారమే. అందుకే గురువారం రాత్రిని మేం జుమ్మే రాత్రి అంటాం."

"ఓర్నీ! అంటే ఆ ఒక్క రాత్రి మాకు గురువారం, మీకు శుక్రవారం..."

"మిషనుకి పన్నెండు దాకా గురువారం, పన్నెండు దాటితే శుక్రవారం," అని శాంభవి అందుకుంది.

"అయితే బెన్నీ లైను కూడా తప్పేగా మేడమ్?" అని తనే మళ్ళీ అడిగింది. "జుమ్మే రాత్రి బుకింగుకి అది పనికిరాదు, శుక్రవారాన్ని శనివారం చేసేస్తుంది."

గౌసియా లేచి నిలబడింది. ఏదో వెలుగుతోంది. ఎదుటివాళ్ళ కళ్ళల్లో కనిపించే ఆ వెలుగు ఇప్పుడు తన లోపల. చిన్నప్పటి నుంచి బడిలో ఒక గురువారం, ఇంట్లో ఒక గురువారం మోస్తూ పెరిగింది తను. ఎప్పుడూ ఇబ్బంది పడలేదు. ఎందుకని? ఎవరైనా రాత్రి మాట ఎత్తితే అమ్మీ వెంటనే తిరిగి అడిగేది: ఏ పొద్దు గూకాక, ఏ పొద్దు తెల్లవారేలోపు? రెండు కొసలూ పట్టుకుంటే ఇక మధ్యలో దానికి ఎవరే పేరు పెట్టుకున్నా ఒకటే.

"శాంభవీ, తారీఖు గడి తీసెయ్! కొత్త డబ్బా గియ్యి. దాని పేరు 'పూట'. పగలా రాత్రా అని అడగాలి. రాత్రయితే దానికి రెండు కొసలు. ఏ రోజు పొద్దు గూకింది, ఏ రోజు తెల్లవారుతుంది. ఒకటి చెబితే రెండోది అదే చూపించాలి. బుకింగు, వ్యాను, బిల్లు, అన్నీ తారీఖును వదిలేసి ఈ పూటనే పట్టుకోవాలి."

శాంభవి చెయ్యి పరుగెత్తింది. పాత గీతలు చెరిగాయి, కొత్త గీతలు పడ్డాయి.

"బెన్నీ!"

"మేడమ్?"

"నమూనాలో సొంత నియమం రాసుకునే చోటు ఉందని చెప్పానా? అక్కడ రాస్తే జనరేటర్ ముట్టుకోదు, ఎన్నిసార్లు నొక్కినా నిలుస్తుంది. రాత్రి పూటలో పన్నెండు దాటిన గంట ఏ తారీఖులోకి వస్తుందో ఆ లెక్క అక్కడ రాయి. నీ అంత వేగంగా ఇక్కడ ఎవరూ రాయలేరు."

బెన్నీ కుర్చీ లాక్కున్నాడు. ఆ చేతులకు అంతవరకూ దొరకని పనేదో దొరికినట్టుంది. వంటవాడు క్యారేజీలు గుమ్మంలో పెట్టి, లోపల ఏం జరుగుతోందో తెలియక అక్కడే నిలబడిపోయాడు. ట్రైనింగు వాళ్ళంతా బెన్నీ వెనక గుమిగూడారు. "బ్రాకెట్టు మర్చిపోయావురా!" "చూశాలేవే!" "పక్కకి జరగండి, గాలాడట్లే!"

"అయింది మేడమ్."

గౌసియా వేలు మీట మీద పెట్టింది. రమాసుందరి గారు కిటికీ వదిలి వచ్చారు.

నొక్కింది.

అక్షరాలు పరుగు తీశాయి. ఎప్పటికంటే ఎక్కువసేపు తీశాయనిపించింది. మధ్యలో ఒకచోట ఆగినట్టయ్యాయి. మళ్ళీ కదిలాయి. తెరలు ఒక్కొక్కటే వచ్చి నిలిచాయి. శాంభవి గుడివాడ పెళ్ళి మళ్ళీ ఎక్కించింది. గురువారం, రాత్రి, రెండూ నలభై ఏడు.

బుకింగు కింద ఒక వాక్యం వచ్చింది. వెంకటేశ్వరరావు గారు దాన్ని పైకి, నెమ్మదిగా, శుభలేఖ చదివినట్టు చదివారు.

"గురువారం పొద్దు గూకాక. తెల్లవారితే శుక్రవారం."

ఆగి గౌసియా వైపు చూశారు. "తెల్లవారితే శుక్రవారం అంటోందే! మా పురోహితుడు మాట్లాడినట్టు మాట్లాడుతోందే ఇది!"

వ్యాను తెర: దింపేది గురువారం సాయంత్రం, ఎత్తేది శుక్రవారం మధ్యాహ్నం. బిల్లు మీద అదే వాక్యం. వ్యాను డ్రైవరుకు ఇచ్చే చీటీ మీదా అదే. ఒక్కచోట మార్చింది అన్నిచోట్లా మారింది.

"ఆగండాగండి, తౌఫీక్ గారిది పెట్టండి. జుమ్మే రాత్రి."

"తెల్లవారేది శుక్రవారం అని చెబితే చాలు సార్," అని గౌసియా తనే కొట్టింది. తెర వెంటనే రెండో కొస చూపించింది: గురువారం పొద్దు గూకాక.

"ఇది ఫోన్లో కస్టమరుకి చదివి వినిపిస్తే ఇక గొడవేముంది? వాళ్ళు దాన్ని ఏ వారమన్నా అనుకోనీ," అని ఆయన జేబులోంచి ఒక ఫోను తీశారు. "ముందు ఆ తౌఫీక్‌కి ఫోను కొట్టి ఇది చెప్పాలి. ఏడాదిగా మాటల్లేవు."

"మేడమ్, గరిటెల గడి?" అంది శాంభవి భయంభయంగా.

గౌసియా నవ్వి మళ్ళీ మీట నొక్కింది. కావాలనే నొక్కింది. ఆ వెంటనే ఇంకోసారి కూడా నొక్కింది. గరిటెల గడి ఉంది. గుడివాడ కుర్చీలు కదల్లేదు. బెన్నీ నియమం చెక్కు చెదరలేదు.

బెన్నీ రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. దాంతో క్లాసంతా కేకేసింది. కింద చెప్పుల షాపతను మెట్లెక్కి వచ్చి, "ఏమైందండీ?" అని అడిగితే, "పెళ్ళి కుదిరిందయ్యా, రా, భోంచేద్దువుగాని," అన్నారు వెంకటేశ్వరరావు గారు. క్యారేజీలు తెరుచుకున్నాయి. సోమవారం నుంచి షాపులో పెట్టించే బాధ్యత మీదేనని, పులిహోర వడ్డిస్తూనే ఆయన రమాసుందరి గారితో ఖాయం చేసుకున్నారు.

రమాసుందరి గారు ప్లేటు పట్టుకుని గౌసియా పక్కకు వచ్చారు. "నేనైతే ఆ లైను పెట్టించేసేదాన్ని," అన్నారు. "కొత్త బ్యాచ్ గురువారం మొదలు. హైదరాబాద్‌కి చెప్పేశాను, మనిషి అక్కర్లేదని."

గౌసియా నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తల మాత్రం గబగబా ఊగింది.

"మేడమ్," అన్నాడు బెన్నీ వెనక నుంచి, "గురువారం అంటే బుధవారం పొద్దు గూకాకా, గురువారం తెల్లవారాకా? సరిగ్గా చెప్పండి, నేనూ వచ్చి వెనక బెంచీలో కూర్చుంటా."

"తెల్లవారాకే. వచ్చేటప్పుడు మీ ఇంట్లోంచి జంతికల గొట్టం పట్టుకురా."

భోజనాలయ్యాక ఆమె బాల్కనీలోకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. కింద బెంజ్ సర్కిల్ హారన్లు. నబీ రెండో రింగుకే ఎత్తాడు. పొద్దుట్నుంచీ ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నట్టున్నాడు.

"ఏమైంది బేటా? నీ జనరేటర్ పనిచేసిందా?"

గౌసియా నోరు తెరిచింది. సరిదిద్దుదామా అని ఒక్క క్షణం అనుకుంది.

"చేసింది అబ్బాజాన్, ఒక్కసారి నొక్కగానే. గురువారం నుంచి నేనే ట్రైనర్‌ని."

 అవతల ఫోన్ కాస్త దూరం జరిపి, వీధిలో ఎవరితోనో ఆయన గొంతెత్తి చెబుతున్నది స్పష్టంగా వినిపించింది.

"విన్నావా! మా అమ్మాయి జనరేటర్ స్టార్టయ్యిందట! ఒక్కసారి నొక్కితే చాలట!"